నౌపడా నుంచి గుర్రాల తోటకు

మా అక్క కూతురు రాజీకి పన్నెండేళ్లు. నిరుడు వానాకాలంలో వాళ్ల నాన్నతో కలిసి చేపల ఆటోలో టెక్కలి నుంచి వస్తుంటే మలుపులో ఆటో బోల్తా పడింది. మా బావ అప్పన్నకు కాలు విరిగింది. రాజీకి మోచేతులు గీసుకుపోయాయి, అంతే. పిల్ల క్షేమంగా ఉందని అందరం దేవుడికి దణ్ణం పెట్టుకున్నాం.

ఆ తర్వాత తెలిసింది, రాజీ ఇక రోడ్డు మీద తిరిగే ఏ బండీ ఎక్కదని. ఆటో, బస్సు, చివరికి సైకిలు వెనక సీటు కూడా. మా పల్లెలో బడి ఐదో తరగతి వరకే ఉంది. హైస్కూలుకు పిల్లలందరూ ఆటోలో పోతారు. రాజీ కొన్నాళ్లు నడిచి వెళ్లింది. ఓ రోజు ఎండకు దారిలో కళ్లు తిరిగి పడిపోతే అక్క బడి మానిపించేసింది. "నాను నడిసే ఎల్తాను, నన్నొగ్గెయ్యండి" అని పిల్ల గుమ్మం పట్టుకుని ఏడ్చింది.

బావ కాలు చూడటానికి మా పల్లెకు వచ్చే ఫిజియోథెరపిస్టు ఒక సంగతి చెప్పాడు. గజపతినగరం దగ్గర ఒక రిటైరైన టీచరమ్మ తోటలో గుర్రాలు ఉన్నాయనీ, భయపడిన పిల్లలు, సరిగా కూర్చోలేని పిల్లలు వచ్చి వారం రోజులు ఉండి వెళతారనీ. బావ నమ్మలేదు. "గుర్రాలేటి, బయం పోడవేటి?" అన్నాడు. నాకూ పెద్ద నమ్మకం లేదు. కానీ ఊరికే కూర్చుంటే ఇంకో ఏడాది పోతుంది. రాజీనే అడిగాను, రైలు ఎక్కుతావా అని.

"రైలు పట్టాల మీద పోతాది గదా మావయ్యా, పక్కకి రాదు. ఎక్కుతాను" అంది. ఆ మాట పట్టుకుని, నేను గుమస్తాగా పనిచేసే ఉప్పు కొఠారులో సెలవు పెట్టేశాను.

తెల్లవారకముందే ఇల్లు వదిలాం. ఉప్పు మళ్ల గట్ల మీదుగా నౌపడా స్టేషనుకు గంట పైనే నడక. పలాస నుంచి విశాఖపట్నం పోయే పాసింజరు ఏడు దాటాక వచ్చింది. జీడిపప్పు సంచులతో ఉన్న ఒక ముసలమ్మ జరిగి చోటిచ్చింది.

"ఏటి బాబూ, పిల్లకి ఒంట్లో బాగునేదా?" అని నన్నడిగింది.

రాజీయే జవాబు చెప్పింది. "బాగానే ఉన్నాది. గుర్రాల కాడికి ఎల్తన్నాం."

"గుర్రాల కాడికా! ఒలమ్మో, పెళ్లి కొడుకేడే మరి?" అని ముసలమ్మ నవ్వితే పెట్టె సగం నవ్వింది. రాజీ కూడా నవ్వింది. ఆమె చేతిలో పెట్టిన నాలుగు జీడిపలుకులు పొందూరు దాకా ఒక్కొక్కటే నమిలింది. చీపురుపల్లిలో ఇడ్లీ పొట్లాలు కొన్నాను. విజయనగరంలో దిగి, స్టేషను బయట భోజనం చేసి, రాయగడ వైపు పాసింజరు కోసం చాలాసేపు కూర్చున్నాం. ఆ లైనులో బళ్లు తక్కువ. వెళ్లేవాళ్లు ముందే కనుక్కుని బయలుదేరడం మంచిది.

గజపతినగరంలో దిగేసరికి మూడయింది. స్టేషను బయట ఆటోవాళ్లు చుట్టుముట్టారు. రాజీ నా చొక్కా వెనక పట్టుకుని కళ్లు మూసుకుంది. నడిచే వెళ్లాం. దారిలో నీడ లేదు. గొడుగు తెచ్చుకోకపోవడం నా తెలివితక్కువతనం.

తోటంటే మామిడి, జీడి, ఒక పక్క చోడి, అంటే రాగి చేను, తాటాకు కప్పిన పొడవాటి పాక. పాకలో నాలుగు గుర్రాలు. మూడు ఒకప్పుడు పెళ్లి ఊరేగింపుల్లో తిరిగినవి, ఒకటి విశాఖ బీచిలో పిల్లల్ని మోసింది. టీచరమ్మ పేరు సుగుణ. రాజీని భయం గురించి ఒక్క మాటా అడగలేదు. "ముందు చోడి అంబలి తాగు. తర్వాత గడ్డి కొయ్యాలి, ఉలవలు నానబెట్టాలి. పని చాలా ఉంది" అన్నారు.

వచ్చిన పిల్లలు పని చెయ్యాలన్నది అక్కడి పద్ధతి. ఏ గుర్రానికి ఎన్ని ఉలవలో దాని బరువును బట్టి లెక్క కట్టాలి. బడి మానేసిన మా పిల్ల మర్నాడే బొగ్గుముక్కతో గోడ మీద భాగహారాలు వేస్తూ కనిపించింది. నెల్లిమర్ల నుంచి వచ్చిన ఒకావిడ తన ఐదేళ్ల పిల్లాణ్ణి రోజూ గుర్రం మీద కూర్చోబెట్టి, నడుం పట్టుకుని పక్కన నడిచేది. "నయమైపోనాదని సెప్పను బాబూ. ఇదివరకు వాలిపోయేవోడు, ఇప్పుడు కూకుంటన్నాడు" అంది నాతో.

రాజీకి గౌరి అనే తెల్ల గుర్రాన్ని అప్పజెప్పారు. రెండో రోజు సాయంత్రం రాజీ దాన్ని నీళ్లకు తీసుకెళుతుంటే గాలికి ఒక ప్లాస్టిక్ కవరు ఎగిరి వచ్చింది. గౌరి బెదిరి తాడు లాగేసుకుంది. రాజీ పరుగున వచ్చి గదిలో మూల కూర్చుంది. అన్నం తినలేదు. వచ్చిన పని చెడిపోయిందని, మర్నాడే తిరుగు ప్రయాణమని అనుకుంటూ పడుకున్నాను.

పొద్దున్న చూస్తే పక్క ఖాళీగా ఉంది. రాజీ పాకలో ఉంది, గౌరికి కాస్త ఎడంగా, బిగుసుకుపోయి తాడు లాగుతోంది. గౌరి కదలడం లేదు.

"లాగకమ్మా" అన్నారు సుగుణ గారు. "నువ్వు లాగితే అది ఇంకా వెనక్కి పోతుంది. పక్కన నిలబడు చాలు. దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది."

"ఎంతసేపు నిలబడాల?"

"అది వచ్చేదాకా."

ఎండ పాకలోకి వచ్చేదాకా నిలబడింది మా పిల్ల. కాళ్లు మార్చుకుంటూ, పెదవి కొరుక్కుంటూ, కానీ కదల్లేదు. చివరికి గౌరి ఒక అడుగు వేసి ఆమె భుజం వాసన చూసింది. ఆ రోజు నుంచి ఆ ప్లాస్టిక్ కవరునే నేల మీద పరిచి, రోజూ కొంచెం దగ్గరగా గౌరిని నడిపించడం రాజీ పని. ఇంకెవరైనా చేస్తామంటే ఒప్పుకునేది కాదు.

ఇక బయలుదేరే ముందు రోజు, గడ్డి తేవడానికి గౌరిని బండికి కట్టారు. రాజీని ఎక్కమని ఎవరూ అనలేదు. తనే చక్రం చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇది ఆగుతాదా?" అంది.

"పగ్గాలు పట్టుకుని 'హో' అంటే ఆగుతుంది" అన్నారు సుగుణ గారు.

"ఎవులు పట్టుకోవాల?"

"నువ్వే."

ఎక్కింది. బండి నాలుగు బారలు కదిలిందో లేదో "హో!" అని అరిచింది. గౌరి ఆగింది. రాజీ దూకి, మామిడి చెట్టు కింద వాంతి చేసుకుంది. నేను పరుగెత్తబోతే సుగుణ గారు చెయ్యి అడ్డం పెట్టారు. పిల్ల మూతి తుడుచుకుని, మొహం కడుక్కుని, మళ్లీ ఎక్కింది. మళ్లీ ఆపింది. అలా ఆపుకుంటూ, ఎక్కుకుంటూ సాయంత్రానికి పొలం చివరిదాకా వెళ్లి గడ్డిమోపులతో తిరిగొచ్చింది. ఒళ్లంతా చెమట. "రేపు టేసనుకి ఆటోలో ఎల్దాం మావయ్యా" అంది.

మర్నాడు ఆటో రాగానే డ్రైవరుతో ముందే బేరం పెట్టుకుంది. "నానాపమంటే ఆపాల."

"పదిసార్లు ఆపమన్నా ఆపుతాను, ఎక్కమ్మా."

నిజంగానే అన్నిసార్లు ఆపించింది. మేం స్టేషను చేరేసరికి రైలు వెళ్లిపోయింది. నాకు కోపం రాలేదు. బెంచీ మీద కూర్చుని పులిహోర తిన్నాం, తర్వాత బండి పట్టుకున్నాం.

విజయనగరం నుంచి వచ్చే రైల్లో రాజీ కిటికీకి తలాన్చి నిద్రపోయింది. నాకు మాత్రం ఆ వారమంతా మనసులో మెదులుతూనే ఉంది. మేం ఇంట్లో ఏడాదిపాటు ఆ పిల్లను ఎక్కు ఎక్కు అని లాగుతూనే ఉన్నాం. అక్కడ ఎవరూ లాగలేదు. పని ఇచ్చారు, పగ్గాలు చేతికిచ్చారు, పక్కన నిలబడ్డారు. గుర్రాలతో అన్ని కష్టాలూ తీరిపోతాయని నేను చెప్పను. మా పిల్లకు మాత్రం దారి దొరికింది.

నౌపడాలో దిగేసరికి పొద్దు వాలుతోంది. స్టేషను బయట బావ కర్ర ఆనించుకుని నిలబడి ఉన్నాడు. మధ్యాహ్నమే బయలుదేరి అంత దూరం కుంటుకుంటూ నడిచి వచ్చాడట. ఇంటికి పోయే ఆటో కనబడగానే రాజీ గబగబా ఎక్కి కూర్చుంది. బావ నోరు తెరుచుకుని చూశాడు.

"నాన్నా, రా."

"మీరెల్లండి. నాను నడిసొస్తాను."

అప్పుడు అర్థమైంది నాకు. ఇన్నాళ్లూ బావ ఆటో జోలికి పోకపోవడం కాలు నొప్పి వల్లేననుకున్నాం. ఇంట్లో భయపడింది పిల్ల ఒక్కతే కాదు.

నేను చెయ్యి పట్టుకోబోయాను. "ఒద్దు మావయ్యా" అంటూ రాజీ దిగి వచ్చి వాళ్ల నాన్న పక్కన నిలబడింది. డ్రైవరు "బేగి తెమలండి బాబూ" అంటే, "ఉండండి, వస్తాడు" అంది.

చాలాసేపటికి బావ ముందు తన కర్ర ఆటోలో పెట్టాడు. "ఆపమంటే ఆపుతాడేటే?" అని మెల్లగా అడిగాడు.

"ఆపుతాడు. నాను సెప్తాను."

ఉప్పు మళ్ల దగ్గర బావ ఆపమన్నాడు. ముగ్గురం దిగాం. గాలి తగిలేలా కాసేపు నిలబడ్డాం. ఆ తర్వాత మా అందరికంటే ముందు బావే ఎక్కాడు.