రుమాలు వేసి గెలిచిన సీటు

హైదరాబాదు నుంచి వచ్చిన మేం ముగ్గురు స్నేహితులం అమలాపురంలో కాకినాడ బస్సెక్కాం. కిటికీలోంచి రుమాలు వేసి సీటు సంపాదించిన మహావీరుణ్ణి నేనొక్కణ్ణే. నిలబడ్డ మిత్రుల్ని చూసి జాలిపడే భాగ్యం ముమ్మిడివరం దాకా దక్కింది.

అక్కడ ఎక్కిన ఓ పెద్దావిడ, "కాస్త పట్టుకోండి బాబూ" అంటూ నా ఒళ్లో పనసకాయ పెట్టేశారు. మా ఊళ్లో ముక్కూమొహం తెలియనివాడికి పెన్ను కూడా ఇవ్వం. ఇక్కడ కూర్చున్నవాడి ఒడి ఊరందరి సొత్తట! వెనకాల ఒకాయన కొబ్బరిమొక్కతో నిలబడి నావైపే చూస్తున్నారు. "మీదీ పట్టుకోమంటారా?" అన్నాను వెటకారంగా.

"ఆయ్! కాకినాడ వరకేనండీ" అంటూ ఎంతో మర్యాదగా అందించేశారు.

కొబ్బరాకు ముక్కులో గుచ్చుకుంటుంటే మిత్రులు తన్మయత్వంతో ఫొటోలు తీశారు. యానాం వచ్చేసరికి కాళ్లు తిమ్మిరెక్కాయి. త్యాగమూర్తిలా మొహం పెట్టి, "పెద్దవారు, మీరు కూర్చోండమ్మా" అంటూ లేవబోయాను.

పెద్దావిడ కంగారుపడి నా భుజం నొక్కి కూర్చోబెట్టేశారు.

"భలేవారండీ! మీరు లేచిపోతే ఇవన్నీ ఎవరు పట్టుకుంటారండీ?"