పసుపు పళ్లెంలో కలిసిన తూటాలు

రండి, గడప దగ్గర ఎందుకు, ఇట్లా చాప మీదికి జరిగి కూర్చోండి. పలమనేరు పక్క పల్లెలో నేను కొత్త కోడలుగా ఉన్నప్పటి ఆయుధ పూజ చెబుతాను.

ఆ రోజు తలుచుకుంటే ముందు వెలుతురే గుర్తొస్తుంది. బయట సన్నటి ముసురు. లోపల ఎటు చూసినా పసుపు, బంతిపూలు, తోమిన ఇత్తడి. ఇల్లంతా తేనెలో మునిగినట్టు ఉండేది.

మా మామకు లైసెన్సున్న రైఫిలు ఉండేది. శెనక్కాయ చేలో పందులు పడితే గాల్లోకి పేల్చి అదిలించేవాడు. చంద్రగిరిలో ఉండే ఆయన తమ్ముడికీ ఒకటి ఉండేది. అన్నదమ్ముల ఆయుధాలు ఒకే పీట మీద పూజ అందుకోవాలని మా అత్త పట్టు. అందుకే చిన్నమామ ఏటా తుపాకీ, తూటాలు మోసుకొచ్చేవాడు.

ఆ ఏడు అత్త తూటాలనూ వదల్లేదు. అవీ ఇత్తడివే కదా అని ఇద్దరి డబ్బాలూ విప్పి, చెంబులతోపాటు చింతపండు నీళ్లలో నానేసి తోమేసింది. ఒకే పళ్లెంలో నిలబెట్టి పసుపు పూసి బొట్లు పెట్టింది. పేరంటానికొచ్చిన ముత్తైదువల్లాగా తళతళలాడినాయి. నేనట్లా చూస్తూ ఉండిపోయాను.

పొద్దు వాలుతుండగా మామ చేనికి బయలుదేరాడు. పళ్లెంలోంచి ఒక తూటా తీసి తుడిచి రైఫిల్లో పెట్టాడు. తూటా వెనక గొట్టాన్ని మూసే బోల్టు మూసుకోలేదు. ఆ బోల్టు ఎప్పుడూ మొండిదే, అరచేత్తో కొట్టి మూయడం ఆయనకు అలవాటు. చెయ్యి ఎత్తాడు.

"నిలుపన్నా! కొట్టొద్దు!" అని చిన్నమామ లేచి వచ్చి తూటా బయటికి తీయించాడు. దాని అడుగు తుడిచి నా ముందు పెట్టాడు. "సదువమ్మణ్ణీ, అంకెలొచ్చు గదా నీకు."

"ముప్పై... పక్కన సున్నా ఆరు."

"ఇది నాది. మీ మామది రెండొందల డెబ్బై. తుపాకీ గొట్టం మీద అదే రాసుండాది, సూడు."

"రెండూ ఒకటే మాదిరి ఉండాయి గదా సిన్నమామా?"

"ఒళ్లు ఒకటే, మూతి వేరు. నా గుండు లావు, ఆయనది సన్నం. లావుది ఆ సన్న గొట్టంలో కొట్టి పేలిస్తే ఇనుము పగిలి మొగాన పడతాది."

"మరి ఆ ఆరేంది?"

"అది ఈ రకం తూటా పుట్టిన ఏడాది, పంతొమ్మిదొందల ఆరు. ముప్పై మాత్రం గుండు లావు. పేర్లకు ఒక పద్ధతంటూ లేదమ్మా, అందుకే పేరంతా సదవాల. తుపాకీ మీదుండే పేరు, తూటా అడుగునుండే పేరు అచ్చంగా ఒకటైతేనే పెట్టాల. దూరిందిలే అని పెట్టగూడదు, దూరలేదని కొట్టగూడదు."

పొడిగుడ్డతో పసుపు తుడుస్తూ, ఒక్కొక్కటి చదివి రెండు చేటల్లో వేరుచేశాను. మామ తన చేటలోంచి ఒకటి తీయబోయాడు.

"వొద్దన్నా. వొదిన చింతపండు నీళ్లలో నానబెట్టినాది. లోపల మందు ఎట్టుందో ఎవురికి తెలుసు? అన్నీ చిత్తూరులో తుపాకుల అంగడికి అప్పజెప్పేద్దాం."

"పందులేమో నీ అంగడి తెరిసేదాకా కాసుకోనుంటాయా అప్పా?" అన్నాడు మామ. "ఒక్కటి పేలిస్తే సాలు. ఏడాది కష్టం ఉండాది ఆడ."

అప్పటిదాకా తలెత్తని అత్త రెండు చేటలూ ఒళ్లోకి లాక్కుంది. "కాయ బోతే మళ్లా ఏస్తాం. నీ మొగం బోతే యాడ దెచ్చేది?"

మామ తుపాకీ పీట మీద పెట్టేశాడు. రేకు డబ్బా, కట్టె, టార్చిలైటు తీసుకుని వెళ్లాడు. డబ్బా చప్పుడు చాలాసేపు ముసురులో తేలుతూ, దూరమవుతూ, మళ్లీ దగ్గరవుతూ వినిపించింది.

పందులు కిందికయ్యలో శెనక్కాయంతా నాశనం చేసి పోయాయి. తెల్లవారి మామ తడిసిన కాళ్లతో వచ్చి అరుగు మీద కూర్చుని, "మ్మే, కాపీ దే" అన్నాడు. అత్త లోటా చేతికిచ్చి, కొంగుతో ఆయన మొహం తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

మీ ఇంట్లోనూ బయటికి పోయిన వాళ్లు పోయిన మొహంతోనే తిరిగి రావాలి. మీ పొయ్యి చల్లారకుండా, మీ చేను పచ్చగా, పిల్లాజెల్లా చల్లగా ఉండాలి.