నవలకి మైల లేదు

మా నాయనమ్మ తీర్పు ప్రకారం నవల సరస్వతి కాదు. నెలకి మూడు రోజులు వెనక వసారాలో చాప మీద విడిగా కూర్చునే ఆడపిల్లలు బడి పుస్తకాలు ముట్టుకోకూడదు. లెక్కల పుస్తకం, తెలుగు వాచకం, ఆఖరికి నా డ్రాయింగు కాగితాలు కూడా సరస్వతే. మరి నవల మాటేమిటని అక్క ఒకసారి భయం భయంగా అడిగింది. నాయనమ్మ వక్క నములుతూ కాసేపు ఆలోచించింది. "అది చదువెలా అవుద్దే? కాలక్షేపం. కాలక్షేపానికి మైలేంటి?" అంది. ఆ ఒక్క మాటతో మా ఇంట్లో ఆడపిల్లలకి ప్రతి నెలా మూడు రోజుల పండగ వచ్చిపడింది. మిగతా రోజులన్నీ పేడ ఎత్తడం, పాలు కాచడం, వడ్లు దంచడం. ఆ మూడు రోజులూ మాత్రం ఎవరూ ఏ పనీ చెప్పరు. అన్నం పళ్ళెంలో పైనుంచి వేసి తప్పుకుంటారు.

మాది ఉంగుటూరు స్టేషనులో దిగి కాలవగట్టు మీద రెండు మైళ్ళు నడిచి వెళ్ళే ఊరు. ఇది యాభైల నాటి మాట. నేను తాడేపల్లిగూడెంలో పిన్ని వాళ్ళింట్లో ఉండి హైస్కూల్లో ఫోర్తు ఫారం చదివేదాన్ని. శనివారం పాసింజరులో ఇంటికి వచ్చి, సోమవారం పొద్దుటి బండికి వెళ్ళిపోయేదాన్ని. అక్క నాకంటే మూడేళ్ళు పెద్ద. దాన్ని ఐదో క్లాసుతో మానిపించేశారు గానీ, చదవడంలో నాకంటే జోరు. నేను రెండు పేజీలు తిప్పేలోగా అది అధ్యాయం ముగించి, నా భుజం మీదుగా తొంగిచూసి, "ఇంకా అక్కడే ఉన్నావా?" అనేది.

నవలలు నా క్లాసులో ఉన్న ఒక రైల్వే ఉద్యోగి కూతురు ఇచ్చేది. వాళ్ళ నాన్న డ్యూటీ మీద ఏలూరు వెళ్ళినప్పుడల్లా ఒకటి తెచ్చేవాడు. ఆ పిల్ల షరతులు మాత్రం కలెక్టరుగారి హుకుంలా ఉండేవి. పేజీ మడవకూడదు, పసుపు చేత్తో ముట్టుకోకూడదు, పదో రోజుకల్లా పుస్తకం తన బల్ల మీద ఉండాలి. ఒక్క రోజు ఆలస్యమైనా ఆర్నెల్లు మళ్ళీ పుస్తకం లేదు.

ఆ నవలల్లో ఏముండేదని అడుగుతారా? నిజం చెప్పాలంటే ఏమీ ఉండేది కాదు. మద్రాసులో కాలేజీకి సైకిలు మీద వెళ్ళే అమ్మాయి ఒక కుర్రాణ్ణి గుద్దేస్తుంది. తప్పు తనదే అయినా అతన్నే చెడామడా తిడుతుంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే అతనే తండ్రి స్నేహితుడి కొడుకై, ఎదురుగా పకోడీలు తింటూ కూర్చుని ఉంటాడు. మధ్యలో చెవుడున్న మేనత్త ఒకావిడ, ఒకరికి రాసి ఇంకొకరికి చేరిన ఉత్తరం ఒకటి. చివరి అధ్యాయంలో ఎవరో ఒకరు నోరు తెరిచి ఉన్నదున్నట్టు చెప్పేస్తారు. అందరూ నవ్వేసి కాఫీలు తాగుతారు. అంతే కథ. మా తెలుగు మాస్టారు వీటిని పనికిమాలిన పుస్తకాలనేవారు. ఇప్పటికీ ఎవరైనా అలా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. తప్పు చేసిన ఆడపిల్లని చూసి ఇల్లంతా నవ్వడం మేము ఆ పుస్తకాల్లోనే చూశాం. మా ఇళ్ళల్లో అలాంటప్పుడు ఎవరూ నవ్వరు. పుస్తకంలో పిల్ల ఎదురు మాట్లాడితే చెంప పగలదు. ఆలస్యంగా ఇంటికొస్తే వీధి గుమ్మంలో నిలబెట్టరు. పదిహేనేళ్ళ వయసులో మాకు అంతకంటే గొప్ప సంగతి ఇంకొకటి కనిపించలేదు.

అక్కకి వైశాఖంలో పెళ్ళయింది. అత్తవారిది కొల్లేటి లంక. వానలు పడితే చుట్టూ నీరే, దోనె లేకుండా గడప దాటలేరు. జ్యేష్ఠం అంతా అక్కడ కాపురం చేసి, ఆషాఢం వచ్చేసరికి ఆనవాయితీగా మా ఇంటికి వచ్చేసింది. బాగానే ఉంది గానీ, మాటల్లో ఏదో తగ్గింది. వాళ్ళింట్లో పుస్తకమంటే పంచాంగమేనట. కొత్తకోడలు ఏదో కాగితం చదువుకుంటూ కనిపిస్తే అత్తగారు, "మా ఇంట్లో ఆడాళ్ళకి అలవాట్లేదమ్మా" అందట. తిట్టలేదు, అరవలేదు, మెత్తగానే అందట. ఆ మెత్తదనం తల్చుకునే అక్క ఎక్కువ దిగులు పడేది.

ఆషాఢం వెళ్ళి శ్రావణం పడిన మొదటి శనివారం నేనొక కొత్త నవల తెచ్చాను. అంతకుముందు చదివినవన్నీ దీని ముందు దిగదుడుపే. అక్క ఆ సాయంత్రం పొయ్యి దగ్గర, మర్నాడు పొద్దున్న నూతి దగ్గర దొంగచాటుగా చదివి సగం దాకా వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం దాని మామగారు దిగారు. సోమవారం ఉదయం మంచి గడియ ఉందనీ, కోడల్ని తీసుకెళ్తాననీ చెప్పారు. అక్క పుస్తకం పట్టుకుని గడ్డివాము వెనక కూర్చుంది. కళ్ళనిండా నీళ్ళు.

"ఇంకెప్పుడు చదువుతానే నేను?" అంది.

ఆ మాట చెప్పింది నేనే. ఇన్నేళ్ళు గడిచినా నాలుక కోసేసుకోవాలనిపిస్తుంది. "బయట చేరానని చెప్పెయ్యవే. ఎలాగూ ప్రయాణం ఆగిపోద్ది. మూడు రోజులు హాయిగా చదువుకోవచ్చు" అన్నాను. నవ్వుతూనే అన్నాను. అక్క నవ్వలేదు. నా మొహంలోకి చూసి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని, నేరుగా వెళ్ళి వెనక వసారాలో చాప మీద కూర్చుంది.

అమ్మ మొహం ఒక్కసారిగా వాడిపోయింది. అది ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు. ఆషాఢమంతా అక్క బయట చేరలేదని అమ్మ లోపల్లోపల రోజులు లెక్కపెట్టుకుని ముచ్చటపడుతోందట. మామగారు వసారా వైపు ఒకసారి చూసి, "సరే లెండి, ఆరో రోజున వస్తాను" అని తిరిగి వెళ్ళిపోయారు. నేనూ మర్నాడు గూడెం వెళ్ళిపోయాను. అక్క ఆ మూడు రోజుల్లో నవల రెండుసార్లు చదివిందట. అది పకపకా నవ్వుతుంటే, దీనికి మతి గానీ పోయిందా అని నాయనమ్మ విసుక్కుందట.

తర్వాత అక్క లంకకి వెళ్ళింది. పదిహేను రోజులకే వేవిళ్ళు మొదలయ్యాయి. అప్పుడే చెప్పేసి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ ఎలా చెబుతుంది? మడీ మైలా విషయంలో పెద్దల్ని, అందులోనూ ఇంటికొచ్చిన మామగారిని మోసం చేసినట్టే కదా. భయపడి శ్రావణం నుంచే లెక్క చెప్పింది. ఆ లెక్క ప్రకారమే మాఘంలో పురిటికి మా ఇంటికి పంపారు. "రెండు నెలలు మింగేశానే. పుట్టేటప్పుడు ఎవరు లెక్కపెడతారులే" అంది నాతో. నేనూ అలాగే అనుకున్నాను. మా ఇద్దరి తెలివీ అంతే.

ఫాల్గుణంలో ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా ఉంది. వేళ్ళకి నిండా గోళ్ళు, నెత్తిన నల్లటి జుట్టు. బారసాలకి అక్క అత్తగారూ మామగారూ వచ్చారు. అల్లుడు రాలేదు, చేలో పనులున్నాయన్నారు. అత్తగారు పిల్లని ఒళ్ళోకి తీసుకుని చెయ్యి విప్పి చూసింది. కాలు చూసింది.

"ఏడో నెల బిడ్డకి గోళ్ళు ఇంతలా వస్తాయాండీ?" అని అమ్మని అడిగింది.

పురుడు పోసిన మంత్రసాని తడుముకోకుండా అందుకుంది. "బిడ్డ నెలలు నిండిందేనండీ. కొంతమందికి కడుపు నిలిచాక కూడా ఒక నెల కాస్త కనబడుద్దండి. నేను ఎంతమందినో చూశాను. అది చూసి బయట చేరామనుకుంటారండి" అంది. అమ్మ ఆ మాట పట్టుకుంది. "అంతేనండీ వదినగారూ, మా పెద్దమ్మకీ అలాగే అయ్యేదంట" అంది. అత్తగారు పిల్లని భుజాన వేసుకుంది. "ఏమోనండీ, అలాగూ ఉంటుందంటారు" అని నెమ్మదిగా తల ఊపింది. మామగారు నస్యం పీల్చడానికి పొడుంకాయ తీశారు.

అక్కడితో అయిపోయేది. ఇంకో పది నిమిషాలు ఓపిక పట్టి ఉంటే అక్క బతుకు ఒడ్డున పడేది.

కానీ నా బుర్రనిండా నవలలే. ఉన్నదున్నట్టు చెప్పేస్తే అందరూ నవ్వేస్తారు, కాఫీలు తాగుతారు. అక్క మంచం మీద తలెత్తకుండా కూర్చుంది. దాని గుండెమీద బరువు నేనే దించేయాలనుకున్నాను. ముందుకొచ్చి, "అదేం కాదండీ! అక్క అప్పుడు బయట చేరనే లేదు. ఊరికే చెప్పింది. నవల చదువుకోడానికి. నేనే చెప్పమన్నాను" అనేశాను. అని నవ్వాను కూడా.

ఎవరూ నవ్వలేదు.

"నా ఎదురుగా కూర్చుందే" అన్నారు మామగారు. ఆయన గొంతు చిన్నబోయింది.

అత్తగారు పిల్లని తీసి మెల్లిగా మంచం మీద పడుకోబెట్టింది. "కడుపొచ్చిందంటే మేం పండగ చేసుకుందుం. కాళ్ళు కింద పెట్టనిద్దుమా? మొగుడి బిడ్డయితే ఎవరైనా చెప్పుకుంటారమ్మా. ఆషాఢమంతా ఇక్కడేగా ఉంది. దాచుకోవలసిందైతేనే దాస్తారు" అంది.

నాకు అప్పటికీ అర్థం కాలేదు. నమ్మడం లేదంటే నవల అంటే ఏమిటో వీళ్ళకి తెలియకే అనుకున్నాను. పరుగెత్తి నా పెట్టెలోంచి అలాంటిదే ఇంకొకటి తెచ్చి, "చూడండి, ఇందులో తప్పేమీ ఉండదండీ, అన్నీ నవ్వొచ్చే కథలే" అని మామగారి చేతిలో పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, మధ్యలో ఎక్కడో తెరిచి, దస్తావేజు చదివినట్టు ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పైకి చదివారు. రైల్లో ఆ అమ్మాయి తన ఎదుట కూర్చున్న కుర్రాడి టోపీ కిటికీలోంచి బయటికి విసిరేసి, అతనితో కలిసి దాన్ని వెతకడానికి తర్వాతి స్టేషనులో దిగిపోయే ఘట్టం అది. అక్కా నేనూ పడీపడీ నవ్వుకున్న పేజీ. ఆయన గొంతులో అది నాకే సిగ్గుగా వినిపించింది.

"ఎవరింటి పిల్లండీ అది?" అంది అత్తగారు, బతికున్న మనిషి గురించి అడిగినట్టే.

"ఇవి చదివిందన్నమాట" అన్నారు మామగారు. పుస్తకం మూసి గూట్లో పెట్టారు.

భోజనాలకి కూర్చోమని నాన్న చేతులు పట్టుకుని బతిమాలాడు. కూర్చోలేదు. కబురు చేస్తామని చెప్పి వెళ్ళిపోయారు. నన్ను ఎవరూ కొట్టలేదు. కొట్టినా బాగుండేది. అమ్మ నా వైపు చూడకుండా, ఉయ్యాలకి కట్టిన పూలు ఒక్కొక్కటే విప్పింది.

కబురు రాలేదు. నాన్న రెండుసార్లు వెళ్ళాడు. మర్యాదగా మజ్జిగ ఇచ్చి పంపేశారు. మంత్రసాని కూడా తనంతట తానే వెళ్ళి, అది జ్యేష్ఠంలో నిలిచిన కడుపేననీ, అక్క బయట చేరనే లేదనీ చెప్పొచ్చింది. ముందు ఒకటి చెప్పి ఇప్పుడింకొకటి చెబుతున్నావేమన్నారట. నేను ఉత్తరాలు రాశాను. పెద్ద పెద్ద అక్షరాలతో, దేవుడి మీద ఒట్టు పెట్టి, నాలుగు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. నేను ఎంత చెబితే అంత అబద్ధంలా వినబడేది. ఒక కథల పుస్తకం కోసం ఎవరైనా అంత పని చేస్తారా? నన్నడిగితే చేస్తారు. మాకు అది ఎంత ముఖ్యమో లంకలో ఒక్కరికీ తెలియదు. తెలియజెప్పే మాట నా దగ్గర లేదు.

వేసవి సెలవుల తర్వాత ఒక శనివారం గూడెం స్టేషనులో బండి కోసం నిలబడి ఉంటే, బావగారు కనిపించారు. ధాన్యం మిల్లు పనిమీద వచ్చారట. నన్ను చూసి మొహం తిప్పుకోలేదు. దగ్గరికొచ్చారు.

"నిజం చెప్పమ్మా. కథ కోసమేనా?" అన్నారు.

"అవునండీ బావగారూ. ఒట్టండీ" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"అంత బాగుంటుందా?"

ఆ ప్లాట్‌ఫారం మీదే కథంతా చెప్పేశాను, మొదటి నుంచి చివరిదాకా. ఆయన చేతులు కట్టుకుని విన్నారు. ఒకచోట పెదవి చివర నవ్వారు కూడా.

"ఇది చదివి మీ అక్క నవ్విందా?"

"నవ్వకపోవడమేంటండీ! నాయనమ్మ తిట్టేదాకా నవ్విందంట."

"నేనెప్పుడూ చూళ్ళేదు" అన్నారాయన. పట్టాల వైపు తిరిగారు. "నమ్ముతున్నానమ్మా. పిల్ల నాదే" అన్నారు. ఈలోగా నా బండి వచ్చింది.

ఉంగుటూరులో దిగి కాలవగట్టు పొడవునా పరుగెత్తాను. అక్క పెరట్లో పిల్లకి నీళ్ళు పోస్తోంది. రొప్పుతూనే చెప్పాను, బావగారు నమ్మారే, పిల్ల నాదేనన్నారే అని. అక్క చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. మొహం ఎంత వెలిగిపోయిందో! బారసాల నాటి నుంచి అలా చూడలేదు.

"ఎప్పుడొస్తానన్నారు?" అంది.

ఆ మాట ఆయన అనలేదు. కథ చెప్పే సంబరంలో నేను అడగనూ లేదు. అక్క నా మొహమే చూస్తోంది. వేణ్ణీళ్ళు చల్లారిపోతున్నాయని పిల్ల ఏడ్చింది.

ఆ ఏడు మాఘమాసంలో బావగారికి మళ్ళీ పెళ్ళి చేశారు. వాళ్ళమ్మ మాటకి ఎదురు చెప్పలేకపోయాడని ఊళ్ళో అనుకున్నారు. అక్కని నమ్మిన మనిషి అటువైపు ఆయనొక్కడే.