గంట పట్టిన టిబమాన్య

టిబమాన్యకు గొరిల్లాలంటే పగ అని మా ఊళ్లో అందరూ అంటారు. ఒక్క రాత్రిలో గొరిల్లాల మంద ఆయన అరటితోటను నేలమట్టం చేసిందట. ఆ కోపంతో జాడలు తీసే ఉద్యోగం వదిలేసి, చేత గంట పట్టుకుని, అడవి అంచున కనపడిన గొరిల్లానల్లా రాళ్లతో కొడుతున్నాడట. ఒకనాడు వీపు నెరిసిన పెద్ద మగదాన్ని శపించబోతే, దాని చూపు తగిలి గొంతు పడిపోయిందట. అందుకే అడవి దగ్గర ఆయన నోరు విప్పడట.

ఈ కథ ఎక్కువగా చెప్పేది తుముశాబె. ఆమె, నేను పార్కు గేటు దగ్గర కూలీలం. గొరిల్లాలను చూడటానికి వచ్చేవాళ్ల సంచులు మోస్తాం. పొద్దున్నే వరసలో కూర్చుని పిలుపు కోసం ఎదురుచూసేటప్పుడు ఆమెకు ఏదో ఒకటి మాట్లాడాలి.

"ఏమే, మీ మామయ్య ఇంట్లోనైనా మాట్లాడతాడా, అక్కడా గంటేనా?"

"రాగుల కారో ముద్ద కావాలంటే ఒకసారి, చిక్కుళ్లు కావాలంటే రెండుసార్లు మోగిస్తాడేమో" అన్నాడు వెనక నుంచి ఎవరో.

అందరూ నవ్వారు. నేను చెప్పుల మట్టి గీక్కుంటూ కూర్చున్నాను. టిబమాన్య మా మేనత్త భర్త. ఆరో తరగతిలో నా చదువు ఆగినప్పటి నుంచి వాళ్లింట్లోనే ఉంటున్నాను. ఇంట్లో ఆయన బాగానే మాట్లాడతాడు. రేడియోలో బంతాట వింటూ ఆటగాళ్లను తిడతాడు, మేకలను పేరుపేరునా పిలుస్తాడు. అడుగు మందమైన కుండలో గింజలు ఉడుకుతున్నట్టు ఉంటుంది ఆ గొంతు. ఆయనకు అడవిలో పని దొరికింది దానివల్లే.

అప్పట్లో మా వైపు అడవిలో ఉన్న మంద మనిషి వాసన తగిలితే చాలు, అరుస్తూ మీదికి వచ్చేది. దాన్ని మచ్చిక చేసే పని మామయ్యకు, మరి కొందరికి ఇచ్చారు. రోజూ వెళ్లాలి. మీదికి వచ్చినా పారిపోకూడదు. తలవంచుకుని కూర్చుని, ఆకు తుంచి నోట్లో పెట్టుకుని తింటున్నట్టు నటించాలి. చంక గోక్కోవాలి. గొంతు సవరించుకున్నట్టు లోపలి నుంచి ఒక చప్పుడు చేయాలి. గొరిల్లాలు మేసేటప్పుడు ఒకదానికొకటి వినిపించుకునే చప్పుడు అది. నేనిక్కడే ఉన్నాను, భయం లేదు అని దాని అర్థం. మిగతావాళ్లు చేస్తే దగ్గొచ్చిన ముసలాళ్లలా ఉండేదట. మామయ్య చేస్తే పొదలు కదలడం ఆగిపోయేదట. రెండేళ్లకు మంద మొత్తం ఆయన చుట్టూ మేయడం మొదలుపెట్టింది. అందరికంటే దగ్గరికి వచ్చింది ఒక మగపిల్ల. దానికి ఆయనే కాశోజి అని పేరు పెట్టాడు. మా భాషలో చిన్నగుట్ట అని. ఇంటికొచ్చి దాని ముచ్చట్లే చెప్పేవాడు. అత్త విసుక్కునేది.

"కన్నబిడ్డల పళ్లు ఎప్పుడు ఊడాయో తెలీదు గానీ కాశోజికి పన్ను కదిలితే తెలుస్తుంది."

కాశోజి పెద్దదయ్యాక మంద అడవి దాటి తోటల్లోకి రావడం మొదలైంది. మనిషంటే భయం పోయింది కదా. ఒకరోజు మా సొంత తోటలోకే వచ్చింది. గొరిల్లాలు అరటికాండం చీల్చి లోపలి దవ్వ తింటున్నాయి. ఊరివాళ్లు డప్పులు, రేకుడబ్బాలు కొడుతూ చేరారు. పెద్ద మగది మందను తోలుకుని అడవిలోకి వెళ్లిపోయింది. కాశోజి ఒక్కటీ వెనకబడింది. జనాన్ని చూసి లేచి నిలబడి గుండెలు బాదుకుంది. అడవి వైపు దారి ఉంది. ఇంకొక్క క్షణమైతే పరుగెత్తేదే.

మామయ్య ఇంట్లోంచి అప్పుడే వచ్చాడు. నేను గడపలో ఉన్నాను. ఆయన చూసింది కాశోజి వణకడం ఒక్కటే. అన్నేళ్ల అలవాటు ఊరుకోలేదు. గొంతులోంచి ఆ చప్పుడు వచ్చేసింది.

కాశోజి ఆయన వైపు తిరిగింది. చతికిలబడి కూర్చుంది. పక్కనున్న కాండం అందుకుంది. జనం వెనక నుంచి ఈటె వచ్చింది.

విసిరినవాడు అవతలి కొండ మనిషి. భయంతో విసిరానన్నాడు. వాడిని పోలీసులు తీసుకెళ్లారు. పార్కువాళ్లు మామయ్య భుజం తట్టి, నీ బిడ్డలాంటిదే పోయింది పాపం అని ఓదార్చారు. ఆయన అత్తతో ఒక్కసారే అన్నాడు. "ఈటె వేసినవాణ్ని జైల్లో పెట్టారు. కూర్చోబెట్టినవాడికి టీ ఇచ్చారు."

ఆ తర్వాతే గంట పట్టాడు. మందను అడవి అంచు దాటనివ్వకుండా తరిమే పని అది. జీతం లేదు. ఊళ్లో అరటిగెల సంతలో కొనుక్కునే ఇల్లు మాదొక్కటే అయింది.

మొన్నటి వానల్లో ఒకరోజు మంద దూరం పోలేదని, మా ఇంటి కింద పొరుగువాళ్ల అరటితోటలోనే ఉందని వాకీటాకీలో కబురొచ్చింది. మా గైడు ముహాంగి సంతోషించాడు. ఆ రోజు వచ్చినవాళ్లలో మోకాళ్లు వంగని ఒక ముసలావిడ ఉంది. చేతికర్ర పట్టుకుని, పెదవులు బిగించి, నా భుజం ఆసరాతో దిగింది. మేం చేరేసరికి మామయ్య గంట మోగిస్తున్నాడు. మంద కదలబోతోంది.

ముహాంగి పరుగున వెళ్లాడు. "ఆగండి పెద్దాయనా, కాసేపు. ఆవిడ కొండ ఎక్కలేదు. ఇక్కడే చూపించి పంపేస్తా."

మామయ్య తల అడ్డంగా ఊపాడు. పైన మలుపు దగ్గర డప్పు మొదలైంది. తోట గలవాళ్లు వస్తున్నారు.

"మీరొక్కసారి గొంతు వినిపిస్తే అవి కదలవు, నాకు తెలుసు. వాళ్లు వచ్చేలోపు అయిపోతుంది."

మామయ్య ఇంకా గట్టిగా మోగించాడు.

"ఎప్పుడో పోయిన అరటిచెట్లకు ఇంత పగా? సముద్రాలు దాటి వచ్చినవాళ్ల ముందా చూపించేది?" ముహాంగి గొంతు పెంచాడు.

పెద్ద మగది కదిలింది. మంద దాని వెంట కదిలింది. ఒక్కటి మాత్రం కూర్చునే ఉంది. కాశోజి చెల్లెలు. వీపు మీద చిన్నపిల్ల. మామయ్య దాని చెవి దగ్గరే అన్నంత దగ్గరగా గంట కొట్టాడు. అది కాండం చీల్చుకుంటూ ఆయన ముఖంలోకి చూసింది. పుట్టినప్పటి నుంచి ఎరిగిన ముఖం. గంటకు ఎందుకు భయపడుతుంది? డప్పులు మలుపు దాటాయి. ముందు నడిచేవాడి చేతిలో కర్ర ఉందో ఈటె ఉందో ఆకుల సందున తెలియడం లేదు.

అప్పుడు అదే పలికింది. గొంతు సవరించుకున్నట్టు, మెల్లగా. నేనిక్కడే ఉన్నాను అని.

మామయ్య గొంతు ముడి పైకీ కిందికీ ఆడటం నేను చూశాను. ఆయన ఎడమ చేత్తో నోరు గట్టిగా మూసుకున్నాడు. కుడిచేతిలోని గంట వదిలేసి, వంగి, రాయి తీసి విసిరాడు.

రాయి భుజానికి తగిలింది. అది కీచుమని అరిచింది. పిల్లతో సహా పొదల్లో పడి, వెనక్కి చూడకుండా అడవిలోకి పోయింది. ముసలావిడ ఏదో అంది. భాష తెలియకపోయినా అది తిట్టేనని తెలిసింది.

"చూశావా, పగంటే అదీ" అంది తుముశాబె నా చెవిలో. తర్వాత ముసలావిడ మోకాళ్లు చూసి నిట్టూర్చింది. "ఇక మన హెలికాప్టరు తేవాలి."

హెలికాప్టరంటే వెదురు కుర్చీ. అలసినవాళ్లను అందులో కూర్చోబెట్టి మేమే మోస్తాం. జారే మట్టిలో వంతులవారీగా మోసి ఆవిడను పైకి చేర్చాం. మంద అక్కడ పొదల్లో మేస్తోంది. కాశోజి చెల్లెలు భుజం తడుముకుని, వేళ్లు వాసన చూసుకుంటోంది. ముసలావిడ, మన జబ్బులు వాటికి అంటకుండా ముక్కుకు కట్టుకున్న గుడ్డ సర్దుకుని, ఫోటోలు తీయడం మరిచిపోయి దాన్నే చూసింది.

సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి మామయ్య పొయ్యి దగ్గర ఉన్నాడు. ముందున్న కారో ముద్ద ఆరిపోయి ఉంది.

"కుంటిందా?"

"లేదు మామయ్యా. చెట్టెక్కింది కూడా."

"పిల్ల?"

"వీపు మీదే ఉంది. పాలు తాగింది."

"పైకి పోయాక మనుషులు వస్తే ఏం చేసింది?"

"లేచి దూరం జరిగింది. మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు."

"మంచిది" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు నిజంగానే పడిపోయినట్టు ఉంది. ముద్ద ముట్టకుండానే లేచి మేకలను కట్టేయడానికి వెళ్లాడు.

"పెళ్లప్పుడు కూడా అంత సిగ్గుపడలేదు, ఇక ఆ గొరిల్లా ఎదుట తలెత్తలేడు" అంది అత్త. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

మర్నాడు గేటు దగ్గర తుముశాబె కథ మళ్లీ చెప్పింది. ఈసారి రాయి పెద్దదైంది. గొరిల్లాలు కూల్చిన చెట్లూ పెరిగాయి. ఆమెకు ఎదురు చెప్పే నోరు నాకు లేదు. అయితే ఆ తోట ఎలా పోయిందో నాకు తెలుసు. గొరిల్లాలు చీల్చింది ఆ ఒక్కరోజు, ఇంటి పక్క వరసలో కొన్ని కాండాలు. మిగతా చెట్లన్నీ, గెలలు దిగినవీ దిగనివీ, కాశోజిని పూడ్చిన మర్నాడు మామయ్య తన పెద్దకత్తితో తనే నరికాడు. అత్త, నేను మోసి పారేశాం. ఇప్పుడు అక్కడ తేయాకు ఉంది. గొరిల్లాలు తేయాకు తినవు.