సోలున్‌లో అడిగిన దీవెన

సెర్బియాలోని మా లెస్కోవాత్స్‌లో విదోసవా ఎవరని అడిగితే, బేకరీలో పొద్దున్నే రొట్టెలమ్మే ఆవిడ అంటారు. నన్నడిగితే, ఈ ఊళ్ళో మాట మీద నిలబడ్డ ఆఖరి మనిషి అంటాను. నాది నోటి దురుసని అందరికీ తెలుసు. ఆడవాళ్ళకు జుట్టు కత్తిరించే షాపు నాది. ఎవరేమనుకున్నా మొహం మీదే అనేస్తాను. అలాంటిదాన్ని, ఈ ఒక్క సంగతిలో నోరు మూసుకుని కూర్చున్నాను.

విదోసవా, స్నేజానా, నేను ఒకప్పుడు బట్టల మిల్లులో పక్కపక్క మరమగ్గాల మీద పనిచేసినవాళ్ళం. స్నేజానా పెళ్ళికి విదోసవాయే కుమా, పెళ్ళి సాక్షి. అంటే చర్చిలో కొవ్వొత్తి పట్టుకుని పక్కన నిలబడడంతో అయిపోయే పని కాదు. రేపు పుట్టే బిడ్డకు బాప్తిస్మం ఇప్పించాల్సింది ఆవిడే. ఆ బిడ్డ పెద్దయి పెళ్ళాడితే మళ్ళీ నిలబడాల్సిందీ ఆవిడే. ఆవిడ తర్వాత ఆవిడ పిల్లలు. మాకది తోడబుట్టిన బంధం కంటే పెద్దది. స్నేజానా పెళ్ళిరోజున ఊరి పిల్లలంతా ఆనవాయితీ ప్రకారం చిల్లర కోసం "కుమా, నీ సంచీ కాలిపోతోంది!" అని వెంటపడ్డారు. ఈ పిచ్చిది సంచీలో ఉన్న చిల్లరంతా వాళ్ళ మీదికి విసిరేసి, బస్సుకు డబ్బుల్లేక ఇంటికి నడిచిపోయింది. ఆ రోజు మొదలు స్నేజానా ఆమెను పేరు పెట్టి పిలవలేదు. ఇద్దరి మధ్యా ఏ మాటైనా "కుమా" తోనే.

విదోసవా పెళ్ళి చేసుకోలేదు. పక్షవాతం వచ్చిన తల్లిని పదహారేళ్ళు ఎత్తి దించింది. చేసుకుంటానన్నవాడు నాలుగేళ్ళు చూసి ఇంకొకర్తెను చేసుకున్నాడు. ఇక ఈ లోకంలో ఆమెకు నావాడు అని చెప్పుకోవడానికి మిగిలింది స్నేజానా కొడుకు నెమాన్యా ఒక్కడే. బాప్తిస్మం రోజున వాణ్ణి మోసింది ఆమె చేతులే. వాడి స్కూలు ఫోటోలన్నీ ఆమె ఫ్రిజ్ తలుపు మీదే ఉంటాయి.

పోయినేడు మే నెలలో స్నేజానా నా షాపుకొచ్చి కుర్చీలో కూలబడింది.

"రూజీ, ఈ శనాదివారాలు ముగ్గురం గ్రీసుకి, సోలున్ వెళ్ళొద్దామే. బస్సూ హోటలూ అంతా నాదే."

"ఏంటే, లాటరీ గానీ తగిలిందా?"

"నెమాన్యాకి సెప్టెంబర్లో పెళ్ళి కదా. వాడు తన కంపెనీ యజమానిని కుమ్‌గా నిలబెట్టుకుంటాడట."

నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. కుమా పనికి మగవాడు నిలబడితే కుమ్ అంటాం. పాత కుమా తన నోటితో దీవించి వదిలితే తప్ప కొత్తవాణ్ణి పిలవకూడదు. ఆ దీవెన లేకుండా మారిస్తే కాపురం నిలవదని మావాళ్ళ భయం. పట్నంలో చదువుకుని వచ్చినవాళ్ళకు ఆ భయం ఇంకా ఎక్కువ.

"దాని ఇంటికెళ్ళి అడగలేనే," అంది స్నేజానా. "ఆ ఫ్రిజ్ చూస్తే నాకు మాట రాదు. అక్కడైతే సముద్రం, చేపలు, కాస్త మందు... మెత్తబడుతుంది."

"బలిచ్చే ముందు మేకకు దండేసినట్టుంది."

"తిట్టు, ఎంతైనా తిట్టు. పక్కన మాత్రం ఉండవే, నీ కాళ్ళు పట్టుకుంటా."

ఉన్నాను. సిగ్గులేకుండా, నా హోటలు గది కూడా దాని ఖర్చులోనే వేసుకుని ఉన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం బస్సెక్కేసరికి విదోసవా అందరికంటే ముందొచ్చి కూర్చుంది. ఒళ్ళో వెన్న పొరల చీజు రొట్టె, సగం బస్సుకు సరిపడా. కుమా బట్టలు కొనిపెట్టడానికే స్నేజానా తనను తీసుకెళ్తోందని ఆమె నమ్మకం. కాదని మేమిద్దరం చెప్పలేదు.

"మనూళ్ళో అన్నీ గోనెసంచులే," అంది మాసిడోనియా సరిహద్దు దాటుతుండగా. "రేపు ఫోటోల్లో నా పక్కన నిలబడితే నా పిల్లాడికి నామోషీ కాకూడదు. ఏం కుమా?"

"అవును కుమా," అంది స్నేజానా కిటికీలోంచి చూస్తూ.

శనివారం పొద్దున్నే బజారు మీద పడ్డాం. ఆలివ్ కాయలు రుచి చూసే వంకతో మూడు కొట్ల దగ్గర టిఫిను కానిచ్చేశాం. చెప్పులు బేరమాడాం, కొనలేదు. విదోసవా అంత నవ్వడం మిల్లు రోజుల తర్వాత నేను చూడలేదు. పెద్ద వీధిలో ఒక షాపులో ముదురు నీలం డ్రెస్సు వేసుకుని బయటికొచ్చింది. ఒట్టు, మనిషి మారిపోయింది. ఎప్పుడూ పిండి అంటుకుని ఉండే ఆ మనిషి అద్దం ముందు ఇటు తిరిగి, అటు తిరిగి, వెనక్కి చూసుకుంటోంది.

"అంత ఖరీదుది దేనికే కుమా," అని గొణిగింది స్నేజానా. "ఆ బూడిదరంగుది తీసుకో, రోజూ వేసుకోవచ్చు."

"ఛీ, పీనాసి దానా! నెమాన్యా పెళ్ళి రోజూ జరుగుతుందా? రూజీ, నువ్వు చెప్పు. నువ్వైతే అబద్ధమాడవు."

"బాగుంది," అన్నాను. "నీకోసమే కుట్టినట్టుంది."

ఆపాల్సింది అక్కడే. ఒక్క మాట చాలు. విదోసవా డ్రెస్సు మడతపెట్టించుకుని సంచీని గుండెలకు హత్తుకుని బయటికొచ్చింది. నెమాన్యా సూటు ఏ రంగుదని దారంతా అడుగుతూనే ఉంది.

మధ్యాహ్నం రేవు దగ్గర భోజనానికి కూర్చున్నాం. వేయించిన స్క్విడ్లు, చిన్న చేపలు, సోంపు వాసన మందు. విదోసవా గ్లాసెత్తి "నా పిల్లాడికి!" అంది. తాగాం. స్నేజానా మొదలుపెట్టింది.

"కుమా... కాలం మారిపోయింది కదా."

"మారదూ మరి! పిడికెడు చేపలకి ఎంత రాశాడో చూడు."

"అది కాదు కుమా. కుర్రాళ్ళ ఆలోచనలు వేరు..."

తేల్చి చెప్పమని బల్ల కింద దాని కాలు తొక్కాను. చెప్పేసింది. అంతా ఒక్క ఊపిరిలో. యజమాని, ఇంటి అప్పు, ప్రమోషను. చివర్లో, చెప్పకూడని మాట కూడా అనేసింది. "నీ తర్వాత నీ ఇంట్లో దీపం పెట్టేవాళ్ళెవరూ లేరు కదా కుమా. రేపు వాడి పిల్లల పెళ్ళిళ్ళకు ఎవరొచ్చి నిలబడతారు?"

విదోసవా ఫోర్కు కింద పెట్టింది. రుమాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంది.

"వాడే అన్నాడా? వాడి నోటితో?"

"వాడే."

"మరి వాడే వచ్చి అడగొచ్చు కదే."

"మొహం చెల్లక..."

విదోసవా శిలువ గుర్తు వేసుకుంది. "దేవుడు చల్లగా చూడాలి. నా దీవెన ఉంది. ఎవర్ని నిలబెట్టుకున్నా నావైపునుంచి ఏ అడ్డూ లేదు," అంది. స్నేజానా భోరుమని ఏడ్చి ఆమె చేతులు ముద్దుపెట్టుకుంది. ఏడుపు ఆగీ ఆగకముందే సర్వరును పిలిచి మిఠాయి తెప్పించింది. విదోసవా ఆ మిఠాయి మొత్తం తినేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. విదోసవా లేచి బల్ల తిరగేసి ఉంటే, స్నేజానా జుట్టు పట్టుకుని ఉంటే, నేనూ ఒక చెయ్యి వేసేదాన్ని. మర్యాదగా తింటూ, పళ్ళెంలో తేనెపాకం కూడా రొట్టెముక్కతో తుడుచుకుంటున్న మనిషిని ఏం చేసుకోను?

ఆదివారం తిరుగు బస్సులో నా పక్కన కూర్చుంది. సరిహద్దు దాటాక అడిగింది.

"నీకు ముందే తెలుసా రూజీ?"

"తెలుసు."

తలూపి కళ్ళు మూసుకుంది. నన్ను తిట్టలేదు కూడా.

పెళ్ళికి రాదనుకున్నాను. "రాకపోతే శపించానంటారు," అంది బేకరీలో, నాకు రొట్టె తూచి ఇస్తూ. వచ్చింది. ఎప్పుడూ వేసుకునే గోధుమరంగు గౌనులో, చర్చిలో గుమ్మం దగ్గర, స్తంభం వారన నిలబడింది. ముందు వరసలో కంపెనీవాళ్ళు. కొత్త కుమ్ బయట మెట్ల మీద ఫోనులో ఎవరిమీదో అరుస్తున్నాడు. ఫాదర్ గారు ముసలాయన. నెమాన్యాకు బాప్తిస్మం ఇచ్చింది ఆయనే. కొవ్వొత్తి వెలిగించి, తలెత్తకుండానే, ఎప్పటిలాగే పిలిచాడు.

"కుమా ఎక్కడ? రండమ్మా ముందుకి."

విదోసవా కదిలింది. కొవ్వొత్తి కోసం చెయ్యి చాపుతూ ఒక అడుగు, రెండో అడుగు. జనం అలవాటుగా ఆమెకు దారిచ్చారు కూడా. అప్పుడు నెమాన్యా వెనక్కి తిరిగి, ఇంకెవరికీ కనబడదనుకుని, వద్దన్నట్టు ఆమెవైపు వేళ్ళు ఆడించాడు.