రెండో కాగితం చదివిన మనిషి

పోయిన గురువారం మధ్యాహ్నం, ఫిల్మ్ నగర్‌లోని ఒక ప్రివ్యూ థియేటర్లో, సినిమా ఇంకో పావుగంటలో అయిపోతుందనగా, డెబ్బయ్యారేళ్ళ మా అక్క సీట్లోంచి లేచి, కొంగు సర్దుకుని, నెమ్మదిగా నడిచి వెళ్ళి తెర ముందు నిలబడింది. ఆమె నీడ హీరో ముఖం మీద పడింది. "ఆపండి నాయనా, ఇది అబద్ధం" అంది. గొంతు పెంచలేదు. సినిమా వాళ్ళు, వాళ్ళ బంధువులు, నాలాంటి పాత పత్రికల వాళ్ళు కలిపి ఓ యాభై మంది ఉన్నాం. ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. హీరో ఆమె నేత చీర మీదే ఇంకో రెండు డైలాగులు చెప్పాడు. ఆ తరువాత గానీ లైట్లు వెలగలేదు.

అప్పటికి తెర మీద జరిగింది ఇది. ఉపగ్రహాన్ని నడిపే కంట్రోల్ రూమ్‌లో, చేతిలో కాగితం పట్టుకున్న ఒక నడివయసు ఆపరేటరు వణికిపోతూ "ఆగండి సార్" అంటుంది. హీరో ఆమె చేతిలో కాగితం లాగి అవతల పారేసి, ఒంటిచేత్తో మీట నొక్కుతాడు. ఉపగ్రహం బతుకుతుంది, గదిలో అందరూ లేచి చప్పట్లు కొడతారు, ఆ స్త్రీ ముఖం చిన్నబుచ్చుకుని మూలన నిలబడుతుంది. ఆ ముఖం చూసి హాల్లో చాలామంది నవ్వారు. నవ్విన వాళ్ళకు తెలియనిదేమిటంటే, ఆ పాత్రకు అసలు మనిషి ఒకరున్నారు, ఆమె అదే హాల్లో, మూడో వరుసలో, మా అక్కకూ నాకూ మధ్య కూర్చుని ఉంది.

ఆమెను మా ఇంట్లో మొదటినుంచీ బోరబండక్క అనే అంటాం. ఊరికి దూరంగా ఉన్న ఉపగ్రహాల కేంద్రంలో మా అక్కతోపాటు ఆపరేటరుగా చేసింది. బోరబండ గుట్ట మీద ఇల్లు, తెల్లవారకముందే బిందెలు నింపి, స్టాఫ్ బస్సు అందుకునేది. కోస్తా నుంచి వచ్చిన మా అక్కకూ ఆమెకూ మొదట్లో ఒకరి మాట ఒకరికి అర్థం కావడానికే కొన్నాళ్ళు పట్టిందట. తరువాత వాళ్ళిద్దరినీ విడదీయడం ఎవరివల్లా కాలేదు.

వాళ్ళ పని ఏమిటో చెప్పకపోతే నా కోపం మీకు అర్థం కాదు. ఉపగ్రహం మన నెత్తిన తిరిగి పోయేటప్పుడు పది పన్నెండు నిమిషాలు మాత్రమే మన మాట దానికి వినబడుతుంది. దాన్ని వాళ్ళు పాస్ అనేవారు. చెప్పాల్సిన కమాండ్లన్నీ ఆ కాస్త సమయంలోనే చెప్పాలి, అవన్నీ అంకెలే. ఒకరు కాగితంలోని అంకెలు ఒక్కొక్కటిగా పైకి చదవాలి, రెండోవారు తమ కాగితం చూసుకుంటూ మళ్ళీ అప్పజెప్పాలి, రెండూ కలిస్తేనే మూడో మనిషి మీట నొక్కాలి. ఆ గదిలో ఒక్కరే చేసే పని అంటూ ఏదీ లేదు. మంచినీళ్ళకు వెళ్ళాలన్నా కుర్చీలో ఇంకొకరు కూర్చున్నాకే లేవాలి.

ఇంత జాగ్రత్తలోనూ ఒక పొరపాటు జరిగింది. ఒకసారి ఉపగ్రహంలోని కెమెరా తప్పు వేళకు తెరుచుకుని, పంటపొలాలకు బదులు ఉత్త సముద్రాన్ని ఫొటోలు తీసింది. ఎవరు తప్పు చదివారని విచారించారు. ఎవరూ తప్పు చదవలేదు. లెక్కల విభాగం ఇచ్చిన అంకెలను టైపిస్టు కార్బన్లు పెట్టి టైపు కొట్టేవాడు, పై కాపీ ఒకరికి, కింది కాపీ ఇంకొకరికి. టైపులో తప్పు పడింది. ఇద్దరూ ఆ తప్పునే ఎంతో శ్రద్ధగా చదివి, ఎంతో శ్రద్ధగా సరిచూసుకున్నారు. నష్టం పెద్దది కాదు గనుక అందరూ మర్చిపోయారు. మా అక్క మర్చిపోలేదు.

నేను అప్పటికి ఒక దినపత్రికలో కొత్తగా చేరాను, ప్రూఫ్ సెక్షన్లో. మా తరం పత్రికల వాళ్ళకు ఆ గది గుర్తుండే ఉంటుంది. సీసం వాసన, సిరా మరకల బల్లలు, చేతి రాత ప్రతిని ఒకరు రాగం తీసినట్టు పైకి చదువుతుంటే, ఎదురుగా ఇంకొకరు అచ్చు కాగితం మీద పెన్సిలు ఆనించి వెంట నడవడం, కామాలు ఫుల్‌స్టాపులతో సహా చదవడం వల్ల ఎంత పెద్ద విషాద వార్త అయినా అక్కడ లెక్కల పద్దులా వినబడటం. ఒక రోజు మా అక్క నాకు క్యారియరు తెచ్చి ఇచ్చి, వెళ్ళకుండా ఆ గుమ్మంలోనే అరగంట నిలబడిపోయింది. మా సెక్షన్ పెద్దాయన, ముక్కు మీద కళ్ళజోడుతో, ఏమ్మా అలా చూస్తున్నావు అని అడిగాడు. మీ ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకే కాగితమా అని అడిగింది అక్క. ఒకే కాగితమైతే ఇద్దరం ఎందుకమ్మా, ఒకరు ఇంటికి పోవచ్చు కదా అన్నాడాయన, మళ్ళీ చదువులోకి తల దించుకుంటూ.

అక్క మరునాడే తన కంట్రోల్ రూమ్‌లో ఒక ప్రతిపాదన పెట్టింది. పైకి చదివేవారు టైపు కాగితం చదవాలి, అప్పజెప్పేవారు మాత్రం టైపు కాగితం ముట్టుకోకూడదు, లెక్కల విభాగానికి స్వయంగా వెళ్ళి, అసలు ప్రతి చూసి, తమ చేత్తో తమ కాగితం రాసుకోవాలి. ఇద్దరి బల్లలూ ఒకరి కాగితం ఒకరికి కనబడకుండా వేయాలి. ఇంతే. యంత్రం కొనలేదు, తీగ కలపలేదు. కానీ దాని కోసం లెక్కల విభాగం తలుపు ఆపరేటర్లకు తెరవాల్సి వచ్చింది, అంతవరకూ ఆ తలుపు దగ్గర వీళ్ళకు కుర్చీ కూడా వేసేవారు కాదు. చాలా రోజులు వెక్కిరింతలు నడిచాయి. అత్తాకోడళ్ళ పారాయణం మొదలైందని ఒక ఇంజనీరు అనేవాడట. "అత్త ఎవలు సార్, కోడలు ఎవలు? జర చెప్పుండ్రి, గట్లనే కూసుంటం" అని బోరబండక్క అనేదట. ఆ రెండో కాగితం రాసే పని ఎవరికీ ఇష్టం లేకపోతే ఆమే నెత్తికెత్తుకుంది, గుండ్రటి అక్షరాలతో, నీలం సిరాతో.

కొన్ని నెలలకు ఆ రోజు వచ్చింది, తెల్లవారుజామున పాస్. ఉపగ్రహాన్ని కాస్త పైకి జరపాలి, అందుకు దాని చిన్న ఇంజన్లు ఇన్ని సెకన్లు మండాలి. మా అక్క అంకెలు చదివింది. బోరబండక్క అప్పజెప్పుతూ ఒకచోట ఆగిపోయింది. ఆమె కాగితంలో రెండు అంకెలు తారుమారుగా ఉన్నాయి. పాస్‌లో సగం అయిపోయింది, వెనక నిలబడిన అధికారి కానివ్వండి కానివ్వండి అంటున్నాడు, మీట దగ్గరి మనిషి వేలు గాల్లో ఉంది. "ఆగుండ్రి సార్, కలుస్తలేదు" అంది బోరబండక్క. ఆయన కసిరాడు. ఆమె మళ్ళీ అదే మాట అంది. మీట దగ్గరి మనిషి వేలు వెనక్కి తీసుకున్నాడు. ఉపగ్రహం దిక్చక్రం దాటి వెళ్ళిపోయింది. లెక్కల విభాగానికి ఫోను చేస్తే తప్పు టైపు కాగితంలోనే ఉందని తేలింది. తరువాతి పాస్‌లో సరైన అంకెలు వెళ్ళాయి, పని సజావుగా అయింది. మొదటి అంకెలే వెళ్ళి ఉంటే ఉన్న ఇంధనమంతా ఆ ఒక్కసారికే తగలబడి ఉండేదని తరువాత అందరూ ఒప్పుకున్నారు.

ఇక్కడినుంచే నా కోపం మొదలవుతుంది, అందులో సగం నా మీదే. అదే రోజు పొద్దున, పాస్ పోగొట్టినందుకు బోరబండక్క చేతికి మెమో ఇచ్చారు. అదే సాయంత్రం ఆ అధికారి విలేఖరులను పిలిచి, చివరి క్షణంలో తనకు అనుమానం వచ్చి ఆపించానని చెప్పాడు. నాకు అప్పుడే రిపోర్టింగ్‌కి మారే అవకాశం వచ్చింది, ఆ సమావేశానికి వెళ్ళింది నేనే. నిజం నాకు ముందే తెలుసు. ఉద్యోగులు పత్రికలతో మాట్లాడకూడదన్న నిబంధన ఒకటి ఉంది, దాన్ని అడ్డం పెట్టుకున్నాను. ఒకే మనిషి తెలివివల్ల ఉపగ్రహం బతికిందని రాశాను, శీర్షిక కూడా నేనే పెట్టాను. మొదటి పేజీలో పడింది. మరునాడు మా అక్క పేపరు మడిచి నా కంచం పక్కన పెట్టి, పప్పు వడ్డించింది.

అటుపై నా జీవితం సినిమా వార్తల్లోకి మళ్ళింది. జూబ్లీహిల్స్ రాళ్ళ గుట్టలు పిండి చేసి బంగళాలు కట్టడం, ఫిల్మ్ నగర్‌లో ఒక్కో షూటింగ్ ఫ్లోరూ లేవడం నా కళ్ళ ముందే జరిగింది. రిటైరయ్యాక ఇక్కడే ఒక సందులో ఉంటున్నాను, అక్క కింది వాటాలో ఉంటుంది. రెండేళ్ళ క్రితం ఒక యువ దర్శకుడు, నా పాత పరిచయాల మీదుగా, కంట్రోల్ రూమ్ సంగతులు తెలిసిన వాళ్ళు కావాలని వచ్చాడు. నేనే అక్క దగ్గరకు తీసుకెళ్ళాను. అక్క ఒకటే షరతు పెట్టింది, ఆ రోజు ఆపింది ఎవరో అలాగే చూపించాలి అని. తప్పకుండానండీ అన్నాడు. అక్క నెలరోజులు స్టూడియోకి వెళ్ళింది. బల్లలు ఏ వంపులో వేయాలో, అంకెలు ఏ వేగంతో చదవాలో, తప్పు కనబడితే కళ్ళు ఎక్కడ నిలవాలో నటులకు నేర్పింది. బోరబండక్క తన నీలం సిరా కాగితం ఒకటి పెట్టె అడుగునుంచి తీసి ఇచ్చింది. ఆ సీను రెండు రోజులు తీశారు, తీస్తుండగా నేనూ చూశాను, లైట్‌మెన్ కూడా కదలకుండా నిలబడ్డారు.

అందుకే గురువారం నాడు లైట్లు వెలిగాక అక్క అడిగింది ఒకే ప్రశ్న, ఆ సీను ఏమైందని. దర్శకుడు పరుగెత్తుకొచ్చాడు.

"మేడమ్ గారూ, మీరు చెప్పినట్టే సెట్ వేశాం కదండీ, గోడ గడియారాలతో సహా!"

"గడియారాలు బాగున్నాయి బాబూ. మనిషే లేదు."

"ఇద్దరు కూర్చుని అంకెలు అప్పజెప్పుకుంటుంటే జనం ఫోన్లు తీస్తారండీ. హీరో ఆగితే సినిమా ఆగిపోతుంది."

"ఆవిడ ఆపింది కాబట్టే నువ్వు తీయడానికి కథ మిగిలింది."

అతను నవ్వి, సినిమా అన్నాక కొంత స్వేచ్ఛ ఉంటుందండీ అన్నాడు. స్వేచ్ఛ తీసుకోవచ్చు. ఎన్ని పాటలైనా పెట్టుకోవచ్చు, కంట్రోల్ రూమ్‌లో డ్యాన్సు వేయించుకున్నా నేను పట్టించుకోను. కానీ ఆపి కాపాడిన మనిషిని, ఆపబోయి అడ్డుపడిన పిరికిదానిగా చూపించి, పైన యథార్థ సంఘటన ఆధారంగా అని అచ్చు వేయడానికి స్వేచ్ఛ అని పేరు పెడితే, నా నలభై ఏళ్ళ వృత్తి మీద ఒట్టు, నాకు ఒళ్ళు మండిపోయింది. తప్పు రాసే వాళ్ళను చాలామందిని చూశాను, నేనూ రాశాను. నిజాన్ని తలకిందులు చేసి, దానికే నిజమని పేరు పెట్టడం మాత్రం ఇదే చూడటం.

బయట మెట్ల దగ్గర అసిస్టెంట్ డైరెక్టరు అమ్మాయి వెంటబడి వచ్చింది. "సారీ మేడమ్. గా సీన్ ఉంచుదామని మస్తు కొట్లాడిన. ఎడిటింగ్‌ల తీసేసిండ్రు. ఫుటేజ్ మాత్రం ఉన్నది, పోలే" అంది, కళ్ళు తుడుచుకుంటూ. బోరబండక్క ఆ పిల్ల భుజం తట్టి, "నీ తప్పేం లేదు బిడ్డా" అని, మా అక్క వైపు తిరిగి, "నవ్విండ్రు గదక్కా వాళ్ళు. మెమో ఇచ్చిననాడు గూడ ఎవలు నవ్వలే" అంది.

మా రోజుల్లో గొప్పవాళ్ళే ఉండేవారని నేను చెప్పను, ఆ మెమో ఇచ్చింది మా రోజుల్లోనే. కానీ అప్పుడు ఒక గదిలో ఒకరి తప్పు ఇంకొకరు పట్టుకోవడం పని అనుకునేవాళ్ళు ఉండేవారు, మా ప్రూఫ్ సెక్షన్లో, వాళ్ళ కంట్రోల్ రూమ్‌లో, ఆ మాటకొస్తే దర్జీ కొట్లో కూడా. ఇప్పుడు ఎటు చూసినా ఒక్కడే వస్తాడు, ఒక్కడే గెలుస్తాడు, పోస్టరు మీద ఒకే ముఖం. మిగతా వాళ్ళు చప్పట్లకు పనికొస్తారు.

శుక్రవారం అక్క దర్శకుడికి ఉత్తరం రాసింది, ఆ సీను తిరిగి పెట్టండి, లేదా యథార్థ సంఘటన అన్న మాట తీసేయండి అని. శనివారం అతని ఆఫీసు నుంచి ఫోను వచ్చింది, ఇద్దరి పేర్లూ కృతజ్ఞతల్లో పెద్ద అక్షరాలతో వేస్తామని. బోరబండక్కను అడిగితే, పేరు వద్దు, జరిగింది పెట్టమనండి అంది. ఆ మాట వాళ్ళకు చెప్పి అయిదు రోజులైంది, జవాబు రాలేదు. నేనూ నా పాత పత్రికకు ఒక సవరణ రాసి పంపాను, ఆ రోజు ఆపింది అధికారి కాదు, రెండో కాగితం చదివిన ఆపరేటరు అని. అదీ అచ్చు కాలేదు. సినిమా వచ్చే శుక్రవారం విడుదలవుతోంది.