మా ఇంటిపేరుతో ఇంకొకరు

పోయిన ఏడు మా వదినె చనిపోయింది. స్నానం చేయించే ముందు ఆడవాళ్ళు నా దగ్గరికి వచ్చి ఒక్క మాట అడిగారు. బొట్టు పెట్టాలా, వద్దా?

మా వైపు భర్త ఉండగా పోయిన ఆడమనిషిని పునిస్త్రీ అంటారు. పసుపు రాసి, బొట్టు పెట్టి, గాజులు తొడిగి పంపుతారు. భర్త పోయినవాళ్ళకు అవేవీ ఉండవు. ఈ రెండు రకాలే తప్ప మూడోది లేదు. వదినె ఏ రకమో చెప్పాలంటే మా అన్న ఉన్నాడో లేడో చెప్పాలి. అది నన్నే అడగాలి. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఏడు అక్కడ ఒక శవం ముఖం మీది గుడ్డ తీసి చూసినవాణ్ణి ఈ ఊళ్ళో నేనొక్కణ్ణే.

మా ఇంటిపేరు ఇక్కడ రాయను. రాస్తే మేమెవరమో తెలిసిపోతుంది. అంత తక్కువమందిమి.

మా బాపు మగ్గం మీద చీరలు నేసేవాడు. కొత్త మనిషి కనబడితే నేతవాళ్ళు మొదట అడిగేది ఇంటిపేరే. ఒకే ఇంటిపేరైతే పాలోళ్ళు, అంటే అన్నదమ్ముల వరస. పిల్లను ఇచ్చిపుచ్చుకోకూడదు. ఒకరింట్లో చావు జరిగితే ముఖం చూడనివాడైనా సరే, రెండో ఇంట్లో మైల పట్టాలి. పదో దినాన మగవాళ్ళంతా గుండ్లు చేయించుకోవాలి. పెద్ద ఇంటిపేరు వాళ్ళైతే ఆ రోజు వాగు ఒడ్డున బారు కడతారు. మాకు మేమే. తాత పోయినప్పుడు మంగలి కత్తి తుడుచుకుంటూ, "మీ ఇంట్ల సావైతే నాకు అరపూట పని గూడ లేదు" అన్నాడట. బాపు ఆ మాట చచ్చేదాకా మరిచిపోలేదు.

ఆయన లెక్క ప్రకారం మా ఇంటిపేరు ఒక పల్లె పేరు. గోదావరి ఒడ్డున ఉండేదట. ఆనకట్ట కట్టాక నీళ్ళ కింద పోయింది. మావాళ్ళు అంతకు చాలా ముందే అక్కడినుంచి లేచారు. ముగ్గురు అన్నదమ్ములు. ఒకడు మా ఊరు వచ్చాడు. ఒకడికి పిల్లలు లేరు. మూడోవాడు బట్టల మిల్లులున్న వైపు, పడమటికి పోయాడు. అతని జాడ లేదు. పెద్దతాత మాత్రం అది పల్లె పేరే కాదనేవాడు, ఎవరో ముత్తాత చేసిన ఏదో పనిని బట్టి జనం పిలిచిన పేరు అనేవాడు. ఇద్దరి దగ్గరా రుజువు లేదు. బాపు మాత్రం షోలాపూర్, సూరత్ నుంచి పండక్కి వచ్చే ప్రతి మనిషినీ బస్సు దిగగానే పట్టుకుని అడిగేవాడు. అక్కడ మా ఇంటిపేరు వాళ్ళున్నారా అని. లేరనే చెప్పేవారు.

కువైట్‌లో మేమిద్దరం ఉండేవాళ్ళం. అన్న ముందు పోయాడు. దక్షిణాన వఫ్రాలో ఒక తోటలో పని, గొర్రెల కాపలా. తర్వాత నన్ను పిలిపించాడు. నాకు చదువుంది కాబట్టి కువైట్ సిటీలో ఒక ఆఫీసులో గుమాస్తా పని దొరికింది. వఫ్రాకు బస్సులు తక్కువ. ఎప్పుడో ఒక శుక్రవారం అన్న కూరగాయల బండి పట్టుకుని వచ్చేవాడు. వచ్చి నా గది నేల మీద పడుకుని, "నీ ఫ్యాను కింద నిద్ర మంచిగ వస్తదిరా" అనేవాడు. అంతకన్నా పెద్ద మాటలు మాట్లాడే మనిషి కాదు.

ఆగస్టులో సైన్యం వచ్చాక వఫ్రా వైపు దారి మూసేశారు. సౌదీ సరిహద్దు అటే కదా, అక్కడ కందకాలు తవ్వుతున్నారని, మందుపాతరలు పెడుతున్నారని అన్నారు. అన్న నుంచి కబురు లేదు. మావాళ్ళు గుంపులు గుంపులుగా బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ పోతున్నారు. అక్కడినుంచి విమానాలు. నేను కదలలేదు. వఫ్రా నుంచి ఎవరొచ్చినా అన్న గురించి అడిగేవాణ్ణి. ఒకడు చూశానన్నాడు. ఇంకొకడు ఆ తోటలో ఎవరూ లేరన్నాడు.

అప్పుడు రాయచోటి మనిషి ఒకతను నా గదికి వచ్చాడు. జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. యజమాని కుటుంబం సౌదీ పారిపోతే ఇల్లు కాపలా కాస్తూ, పగలు ఆస్పత్రిలో శవాలు మోస్తున్నాడు. పాత పరిచయమే. నా ఇంటిపేరు విన్నప్పుడల్లా, "అదేం పేరు సామీ, యాడా వినలేదే" అని నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు.

"సామీ, మీ ఇంటిపేరాయప్ప జహ్రా ఆస్పత్రిలో ఉండాడు."

"దెబ్బ తగిలిందా?"

"తగిలింది. అయిపోయినాడు కూడా. బతాకా నేనే చూసినా. మీ ఇంటిపేరే. ఈ దేశంలో మీ ఇద్దరే కదా?"

బతాకా అంటే అక్కడి గుర్తింపు కార్డు. వఫ్రా నుంచి తప్పించుకున్నవాడు బస్రా దారి పట్టాలంటే జహ్రా మీదుగానే పోవాలి. నాకు ఇంకో ఆలోచన రాలేదు. దారంతా ఏడ్చాను. చెక్‌పోస్టు దగ్గర సైనికుడు ఏమైందని అడిగితే డ్రైవరే, "వాళ్ళ అన్న" అని అరబీలో చెప్పాడు.

ఆస్పత్రి గేటు దగ్గర జోర్డాన్ పోయే బస్సు ఒకటి ఆగి ఉంది. అందులో మా తాలూకా వాళ్ళు కొందరున్నారు. నన్ను చూసి కిటికీలోంచి పిలిచారు. నేను ఏడుస్తూనే ఉన్నాను. డ్రైవరే చెప్పాడు, వీళ్ళ ఇంటిపేరాయన పోయినాడు, గుర్తుపట్టను వచ్చినాడు అని. వాళ్ళు చేతులు జోడించారు. నేను లోపలికి పోయాను. బస్సు వెళ్ళిపోయింది.

శవాల గదిలో కరెంటు సరిగా లేదు. వాసన గురించి రాయను. కాపలావాడు, "యల్లా, యల్లా" అని తొందర పెట్టాడు. గుడ్డ తీశాను.

అన్న కాదు.

వయసు ఇంచుమించు అంతే. చెంప మీద మచ్చ. మెడ కింద తూటా గాయం. నేనెన్నడూ చూడని మనిషి. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను.

డ్రైవరు నా భుజం పట్టుకుని ఊపాడు. "ఏంది సామీ, శవం ముందర నవ్వతాండావు?"

"మా అన్న కాదు."

"మీ అన్న కాకపోతే? మీ ఇంటిపేరే కదా. మీ వాడు కాదంటే ఇంగెవురి వాడు?"

అతను ఎగతాళికి అనలేదు. ఎవరూ అడగని శవాలను ఒకే గుంటలో వేస్తున్నారు. పాస్‌పోర్టు చూస్తే చిరునామా బట్టల మిల్లులున్న భివండిది. జహ్రాలో ఒక దుకాణంలో పనట. పడమటికి పోయిన ఆ మూడోవాడి సంతానం. బాపు బస్టాండుల్లో వెతికిన మనిషి నా ముందు బల్ల మీద ఉన్నాడు.

అక్కడ కాల్చనివ్వరు. ఊరి బయట ఇసుకలో గుంట తీశాం. తవ్వింది ఎక్కువగా డ్రైవరే. పాలోణ్ణి కాబట్టి మొదటి పిడికెడు నేను వేశాను. అతను పక్కన నిలబడి తన మతంలోని మాటలేవో మెల్లగా చదివి, చేతులు దులుపుకుని, "ఖలాస్" అన్నాడు.

ఆ తర్వాత కూడా నేను అన్న కోసం ఆగాను. వఫ్రా వైపు రెండుసార్లు ప్రయత్నించాను. తుపాకీ చూపించి వెనక్కి పంపారు. చివరికి తిండి అయిపోయి, గది కూడా పోయాక నేనూ బస్సెక్కాను. జోర్డాన్ ఎడారిలో డేరాలు, నీళ్ళ కోసం తోపులాట, అందరూ అనుభవించినవే. అక్కడ ప్రతి డేరాలో తల పెట్టి అన్న పేరు అరిచాను.

ఇంటికి చేరేసరికి బాపు గుండుతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నాకోసం మొక్కుకున్నాడేమో అనుకున్నాను. లోపలినుంచి వదినె వచ్చింది. చేతులకు గాజుల్లేవు. నుదుట ఏమీ లేదు.

బస్సులో పోయినవాళ్ళు నాకన్నా ముందే ఇల్లు చేరారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. ఆ ఇంటిపేరాయన పోయాడని చెప్పారు. తమ్ముడు ఏడ్చుకుంటూ శవం కోసం వచ్చాడని చెప్పారు. మా ఇంటిపేరు ఇంకెవరికీ లేదు. చచ్చింది నేను కాదు. ఇక ఎవరు పోయినట్టు? ఊళ్ళో ఎవరికీ అనుమానం రాలేదు. పదో దినాన వాగు ఒడ్డున కూర్చోబెట్టి గాజులు పగలగొట్టారు. పుస్తెలు తీసి పాలలో వేశారు.

అవ్వ, అంటే మా అమ్మ, నన్ను పట్టుకుని, "వాని మొకం సల్లగ ఉండెనా బిడ్డా?" అని అడిగింది.

"అన్న కాదవ్వా. వేరేటాయన. భివండాయన. ఇంటిపేరు మనదే."

 మొదట నోరు తెరిచింది బాపు. ఆయన ముఖంలో వెలుగు వచ్చింది. అది నేను చూశాను, వదినె కూడా చూసింది.

"భివండిల ఉన్నరా? ఎన్ని ఇండ్లున్నయట?"

వదినె గుంజ పట్టుకుని నిలబడి ఉంది. "దొరికిన్రా మామా మీ పాలోళ్ళు?" అంది. "నా గాజులు పగలగొట్టి దొరకబట్టుకున్నవు. మంచిగైంది."

బాపు తల దించుకున్నాడు. ఆమె నా వైపు తిరిగింది. "మరి మీ అన్న ఏడి?"

ఆ ప్రశ్నకు జవాబు ఈ రోజుకూ లేదు. యుద్ధం అయ్యాక తిరిగి పోయినవాళ్ళను అడిగాను. తోట ఉన్నచోట గొర్రెల ఎముకలు, మందుపాతరలున్నాయని కట్టిన ముళ్ళకంచె ఉన్నాయట.

ఆ వారమే వదినె అంగడికి పోయి ఎర్రగాజులు వేయించుకుంది. పసుపుకొమ్ము దారానికి కట్టి తనే మెడలో వేసుకుంది. పాలోళ్ళు లేకపోయినా చెప్పేవాళ్ళకు ఊళ్ళో కొదవ లేదు. "దినాలైనంక బొట్టేందే?" అని బావి దగ్గర అడిగారు.

"సచ్చినట్టు జూపియ్యిన్రి, తీసేస్త" అంది.

ఎవరూ చూపించలేకపోయారు. అయితే ఏ పెండ్లిలోనూ ఆమెను పసుపు దంచడానికి పిలవలేదు. ఎదురొస్తే ఆగి, ఆమె దాటిపోయాక కదిలేవారు. అది ముప్ఫై ఏళ్ళు సాగింది. ఎదురుగా ఒక్కరూ తిట్టలేదు. అందుకే ఎవరితోనూ పోట్లాడటానికి వీల్లేకపోయింది.

నేను, బాపు భివండి పోయాం. పవర్‌లూముల వెనక ఒకే వరసలో నాలుగు గదులు, నాలుగూ మా ఇంటిపేరువే. ఆ పోయినాయన భార్య మాకు చాయ్ ఇచ్చి, కువైట్ నుంచి కబురు తెచ్చారా అని అడిగింది. బాపు ముందు ఆమె మామగారి తాత ఏ ఊరినుంచి వచ్చాడని అడిగాడు. ఆమె చెప్పింది. గోదావరి ఒడ్డు పల్లె పేరే చెప్పింది. బాపు కండ్లనీళ్ళు పెట్టుకున్నాడు. ఆమెకు అర్థం కాలేదు. అప్పుడు నేను అసలు సంగతి చెప్పాను. సాయంత్రానికి ఆ వాడకట్టు ఆడవాళ్ళు వచ్చి ఆమె గాజులు కూడా పగలగొట్టారు.

"దినాలు?" అని అడిగింది తర్వాత.

"అయినయి. మా ఊర్ల, మా అన్న పేరు మీద."

ఆ మరుసటి ఏడు ఆమె మా ఊరు వచ్చింది, ఆ దినాలు జరిగిన చోటు చూస్తానని. వాగు ఒడ్డుకు ఆమెను వదినె తీసుకుపోయింది. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. తర్వాత వాళ్ళిద్దరూ అక్కాచెల్లెళ్ళని పిలుచుకున్నారు. ఏటా ఒకసారి ఆమె వచ్చేది. బాపు ఆమెను కూర్చోబెట్టుకుని వాళ్ళ వాళ్ళ పేర్లన్నీ చెప్పించుకునేవాడు. వదినె మాత్రం బాపుతో మళ్ళీ మాట్లాడలేదు. అన్నం పెట్టేది. ఆయన చనిపోయిన రోజు నోట్లో నీళ్ళు పోసింది. మాట్లాడలేదు. బాపు పదో దినానికి భివండి నుంచి మగవాళ్ళంతా వచ్చారు. మంగలికి ఆ రోజు పూటంతా పని దొరికింది.

ఇప్పుడు భివండిలో రెండు ఇండ్లే మిగిలాయి. సూరత్‌లో ఒకటి. ఇక్కడ నేను. నాకు ఆడపిల్లలే, అన్నకు పిల్లలు లేరు.

పోయిన ఏడు నన్ను అడిగినప్పుడు, "పెట్టండి" అన్నాను.

ఒక్కరూ లేవలేదు. ఒకామె, "ఆనాడే నెత్తి మీద నీళ్ళు పోసి కూసోబెట్టినం గద" అంది. ఇంకొకామె, "ఆయిన బతికుంటె ఇన్నేండ్లకు రాకపోవునా" అంది. అందరి కండ్లూ నా మీదే. నేను చూసిన శవం మా అన్నది కాదని తప్ప నాకు వేరే ఏమీ తెలియదు. అదే మళ్ళీ చెప్పాను.

భివండి ఆమె మైల పట్టడానికి వచ్చి ఒక మూల కూర్చుని ఉంది. ముసలిదైపోయింది. మెల్లగా లేచి, గూట్లోంచి వదినె కుంకుమ భరిణె తెచ్చి, వేలు ముంచి వదినె నుదుట పెట్టింది. భర్త లేని ఆడమనిషి పునిస్త్రీకి బొట్టు పెట్టకూడదు. ఆ సంగతి ఆమెకు తెలియకపోలేదు.

పొయ్యి దగ్గరినుంచి ఎవరో అన్నారు, "ముండమోసినామె పెడితె ముండమోసినామెకే చెల్లుతది. పోనీ తియ్యిన్రి, స్నానం గాలేదింక."

కడవ తెచ్చి తల మీద పోశారు. ఎర్రనీళ్ళు ముక్కు పక్కనుంచి కారి మెడ కిందికి పోయాయి. ఇంకో కడవ పోశారు. ఒళ్ళు తుడిచి, తెల్లచీర కప్పబోయారు.

భివండి ఆమె అక్కడే కూర్చుని ఉంది. భరిణె మూత మళ్ళీ తీసింది.